షిఫ్టు దిగి వచ్చే జనం

మామగారి కంచం ముట్టుకోకుండానే వంటింట్లోకి తిరిగొచ్చింది. మొన్న రాత్రి నుంచి ఇది మూడోసారి.

"తింటే తింటారు, లేకపోతే లేదు. నేనైతే బతిమాలను," అంది అత్తగారు కంచం మీద మూత పెడుతూ. బతిమాలనన్న మనిషే పొద్దున్నించి నాలుగుసార్లు ఆయన గది గుమ్మందాకా వెళ్ళి వచ్చింది. "నలభై ఏళ్ళ కాపురంలో ఒక్క పూట అలగలేదమ్మా ఆయన. కూర మాడినా తిన్నారు, నేను తిట్టినా తిన్నారు. నువ్వొక్క మాట అనేసరికి కంచం తోసేశారు."

"అనకుండా ఎలా ఉండను అత్తయ్యా?"

"నేనూ అక్కడే కూర్చున్నానుగా. ఫ్యాక్టరీ మూతబడిందన్నావు. అది మూతబడిన సంగతి ఊరందరికీ తెలుసు. అందులో ఆయనకి అంత గుచ్చుకునేదేముంది?"

కోడలు ఆఫీసు సంచీలో రిజిస్టరు సర్దుకుంది. గుచ్చుకున్నదేమిటో చెప్పాలంటే ఇరవై రెండేళ్ళ సంగతి విప్పాలి. అప్పటికే బస్సుకి ఆలస్యమైంది.

మామగారు ఇరవై రెండేళ్ళుగా ఊరి ఫుట్‌బాల్ మైదానంలో దక్షిణం గేటు మనిషి. క్లబ్బు ఆటలకి ప్రవేశం ఉచితం, టికెట్ల గొడవ లేదు. ఇనుప తిరుగుడు గేటు ఒక్కో మనిషినీ లోపలికి పంపుతూ మీటరు మీద ఒక్కో అంకె జరుపుతుంది. ఉత్తరం గేటు మీటరూ దక్షిణం గేటు మీటరూ కలిపి ఈ పెద్దాయనే రిజిస్టర్లో ఎక్కిస్తారు, చీటీ రాసి మైకు గదికి పంపుతారు. మైకులో చదివిన ఆ అంకె మర్నాడు పేపర్లో పడుతుంది. ఆయన రాసింది అచ్చులో చూసుకునేది అదొక్కటే. ఆదివారం పొద్దున్న ఆ ముక్క కత్తిరించి రిజిస్టర్లో అంటించుకోందే కాఫీ కూడా తాగరు.

ఇప్పుడా రిజిస్టరుకి ఎన్నడూ లేని గౌరవం వచ్చిపడింది. ఇంత చిన్న రాష్ట్రం, చెప్పుకోదగ్గ పెద్ద ఊళ్ళు కూడా లేని రాష్ట్రం, జీతాలిచ్చి ఏడాది పొడుగునా ఒక ఫుట్‌బాల్ జట్టుని పోషించగలదా అన్నది ప్రశ్న. ఆటకి సగటున పదివేలమంది వస్తారని చూపిస్తే జట్టునిస్తామంది పెద్ద లీగు. పెద్దాయన రిజిస్టరు ప్రకారం వస్తున్నది పదకొండువేల నాలుగు వందలమంది. అది సరిచూసి నివేదిక రాసే పని ఒక సర్వే సంస్థకి పడింది. ఆ సంస్థలో ఆ పని కోడలికి పడింది.

ఆవిడకి అనుమానం వచ్చింది వానరోజుల దగ్గర. 'వాన' అని పెద్దాయన పక్కన రాసుకున్న ప్రతి ఆటకీ లెక్క ఇంచుమించు సగానికి పడిపోయింది. వానకి జనం రారు, అందులో వింతేముంది అనుకోవచ్చు. కానీ పోయిన నెల జోరువానలో ఆవిడే స్వయంగా ఆటకెళ్ళింది. గొడుగుల మధ్య కాలు పెట్టే చోటు లేదు. మర్నాడు రిజిస్టరు చూస్తే అక్కడ సగం జనమే.

మొన్న భోజనాల దగ్గర అదే అడిగింది.

"వానొస్తే షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు ఆగిపోతారమ్మా," అన్నారు మామగారు. "మొదటి సగమంతా నా గేటు దగ్గర ఈగలు తోలుకోవడమే. సగం ఆట అయ్యాక చూడాలి, ఒక్కసారిగా వచ్చిపడతారు. పాపం, ముఖాలైనా కడుక్కోకుండా పరుగెత్తుకొస్తారు."

"మామయ్యా, ఫ్యాక్టరీ మూతబడి తొమ్మిదేళ్ళయింది."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వేరే పనులవాళ్ళయి ఉంటారులే అన్నారు. అన్నాక, అన్ని వేలమందికి ఊళ్ళో ఆ వేళకి దిగే పని ఏముందో ఆయనకే తట్టలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

జరుగుతున్నది ఇది. తక్కిన ఊళ్ళలో జనం తమ జట్టు గోలు కొట్టబోయే వైపు చేరతారట. మన జట్టు గోలు కొట్టేది తక్కువ, గోలు కాచుకునేది ఎక్కువ. ఆటంతా ఎలాగూ మన గోలు ముందే జరుగుతుందని ఈ ఊరివాళ్ళు మన గోల్‌కీపర్ వెనక నిలబడి చూడటం అలవాటు చేసుకున్నారు. మొదటి సగం మనకి ఉత్తరం గోలు అన్నది పాత ఆనవాయితీ. రెండో సగానికి జట్లు వైపులు మారతాయి, జనమూ మారతారు. లోపల అడ్డంగా ఇనుప కంచె ఉంది కాబట్టి ఉత్తరం వైపు నుంచి వీధిలోకి వెళ్ళి, చుట్టూ తిరిగి, దక్షిణం గేటులోంచి మళ్ళీ లోపలికొస్తారు. ఉత్తరం గేటు మనిషి ఒక ముఖాన్ని ఒక్కసారే చూస్తాడు. దక్షిణం గేటు మనిషీ ఒక్కసారే చూస్తాడు. ఇద్దరి లెక్కా నిజమే. కలపడమే తప్పు. వానలో ఆ బురద వీధి చుట్టి రావడానికి బద్ధకించి ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోతారు కాబట్టి ఆ రోజు ఒక్కటే లెక్క సరిగ్గా వచ్చేది.

పోతే, ఆ గోల్‌కీపర్ ఎవరో కాదు, కోడలి భర్తే.

* * *

సర్వే సంస్థ డైరెక్టరు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ రిజిస్టరు అధికారికమైనదేనా, కాదా?"

"అధికారికమేనండీ."

"మరింకేం. అందులో ఉన్నది మనం రాస్తాం. గేటు దగ్గర కూర్చున్నది మనం కాదు కదా."

"తప్పని తెలిశాక కూడానా?"

"తెలిసింది నీకు. నాకు తెలియదు. నువ్వు చెప్పిందీ నేను సరిగ్గా వినలేదు." ఆయన బల్ల మీది కాగితాలు ఊరికే సర్దాడు. "కావాలంటే ఆ వానరోజులు తీసి పక్కన పెట్టు. సగటు ఇంకాస్త పెరుగుతుంది కూడా."

ఉన్న ఒక్క నిజాన్నీ తీసి పక్కన పెట్టమంటున్నాడని ఆయనకి చెప్పి లాభం లేదు. పక్క రాష్ట్రం సంగతి ఎత్తింది. అక్కడ ఇలాగే కాకిలెక్కలు చూపించి జట్టు తెచ్చుకున్నారు. కొత్త మైదానం కట్టారు. మూడేళ్ళలో జట్టు బిచాణా ఎత్తేసింది. ఉద్యోగాలు వదులుకుని అందులో చేరినవాళ్ళు ఇప్పటికీ పాత యజమానుల గుమ్మాల చుట్టూ తిరుగుతున్నారు.

"అది వాళ్ళ కర్మ. సోమవారం పొద్దున్న నీ సంతకంతో నివేదిక నా బల్ల మీద ఉండాలి," అన్నాడు డైరెక్టరు. "ఇంట్లో గోల్‌కీపర్ని పెట్టుకుని ఈ గోలేమిటమ్మా నీకు?"

తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. ఆవిడకి నవ్వు రాలేదు.

* * *

భర్త రంగుల దుకాణం నుంచి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. వారమంతా డబ్బాల్లో రంగులు కలపడం, శనివారం గోలు ముందు నిలబడటం, పదకొండేళ్ళుగా అతని బతుకు ఇదే. పెరట్లో కుళాయి కింద చేతులు రుద్దుకుంటున్నాడు. గోళ్ళ సందుల్లో నీలం ఎంతకీ వదలడం లేదు.

"నాన్నతో మాట్లాడావా?"

"పలకరిస్తే గోడవైపు తిరుగుతున్నారు."

"తప్పయిందని చెప్పు."

"ఏం తప్పు చేశాను?"

"ఆయన్ని ఒక్క రోజులో ముసలాయన్ని చేశావు. అది చాలదా?"

ఆవిడ తువ్వాలు అందించింది. అతను తీసుకోకుండా చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు.

"నాకు ముప్ఫై ఆరేళ్ళు," అన్నాడు. "మోకాళ్ళు ఇంకో ఏడాది మాట వింటాయేమో. బీరువాలో క్లబ్బువాళ్ళు రాసిచ్చిన ఉత్తరం ఉంది. జట్టొస్తే కీపర్లకి కోచ్‌ని. రాకపోతే అరవై ఏళ్ళదాకా రంగులు కలుపుతాను. అర్థమవుతోందా?"

"జట్టొచ్చి మూడేళ్ళకి పోతే?"

"మూడేళ్ళొస్తాయి కదా."

మూడేళ్ళు అతనికి అంత పెద్ద సంగతని ఇన్నాళ్ళూ ఆవిడకి తెలియదు. తెలిసి ఉంటే మొన్న నోరు విప్పేదాన్నా అని తనని తాను ప్రశ్నించుకుంది.

"జట్టు రానీ ముందు. జనం వాళ్ళే పెరుగుతారు. ఆరువేలున్నవాళ్ళు పదివేలవుతారు," అన్నాడతను, ఇంట్లోకి నడుస్తూ. "నువ్వు కాస్త ఆ రిజిస్టరుని దాని మానాన దాన్ని వదిలెయ్యి."

ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు ఒకే మంచం మీద రెండు ఊళ్ళవాళ్ళలా పడుకున్నారు.

* * *

శనివారం మధ్యాహ్నం మామగారి గది తలుపు తెరుచుకుంది. గడ్డం గీసుకున్నారు. గేటు దగ్గరికి వెళ్ళే నాడు తొడుక్కునే జేబుల చొక్కా వేసుకున్నారు. అత్తగారు పరుగున కంచం పెట్టబోతే వద్దని చెయ్యి ఊపి, కోడలి ముందుకొచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఇవాళ నా గేటు దగ్గర నువ్వు కూర్చోవాలి."

"మీరు, మామయ్యా?"

"నేను ఆట చూడాలి. ఇరవై రెండేళ్ళయింది, మొదటి సగం ఎలా ఉంటుందో నాకు తెలియదు."

"ఎంగిలి పడకుండానే వెళ్తారా?" అంది అత్తగారు.

"వచ్చి తింటాను," అన్నారాయన. మూడు రోజుల తరవాత భర్త నోటి వెంట వచ్చిన ఆ రెండు ముక్కలకే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

దక్షిణం గేటు దగ్గర చెక్క స్టూలు, దాని మీద మధ్యలో గుంటపడిన మెత్త. పక్కన చిన్న నూనె డబ్బా, గుడ్డపీలిక. మొదటి సగమంతా కోడలు అక్కడ కూర్చుంది. గోడకి అవతల కేకలు వినబడుతున్నాయి కానీ ఆట కనబడదు. ఇరవై రెండేళ్ళు ఆయన విన్నది ఇంతే అన్నమాట. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ముప్ఫై ఒక్కమంది ఆవిడ ముందు నుంచి లోపలికి వెళ్ళారు. మీటరు ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది.

సగం ఆట విజిలు వినబడింది. రెండు నిమిషాలు వీధి వీధంతా ఖాళీగానే ఉంది. తరవాత మూల మలుపులోంచి జనం కనబడ్డారు. నిజంగానే ముఖాలు కడుక్కోనట్టున్నారు. నిజంగానే పరుగెత్తుకొస్తున్నారు. ముందు చోటు దొరకాలని తోసుకుంటూ, నవ్వుకుంటూ వచ్చి గేటు మీద పడ్డారు. గేటు గిరగిరా తిరిగింది. వాళ్ళ మధ్యలో, నలుగురితో పాటు నలిగిపోతూ, మామగారు కూడా ఆ గేటులోంచి లోపలికొచ్చారు. మీటరు ఆయన్నీ ఒకటిగా ఎక్కించుకుంది.

జనం తగ్గాక ఆయన స్టూలు దగ్గరికి వచ్చారు. ఆవిడ లేచింది. ఆయన కూర్చోలేదు.

"నా ముందు నడిచినాయన చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది," అన్నారు. "అటు నలభై అయిదు నిమిషాలూ ఆ చిరుగు చూస్తూ నిలబడ్డాను. ఇటూ అదే చిరుగు చూస్తూ వచ్చాను. చుట్టూ అందరూ అంతే. అక్కడున్నవాళ్ళే ఇక్కడికొచ్చారు."

"మామయ్యా, కాసేపు కూర్చోండి."

"షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు ఎవరూ లేరమ్మా." ఆయన వంగి నూనె డబ్బా చేతిలోకి తీసుకున్నారు. "ప్రతి ఆటకీ ముందు ఈ గేటుకి నూనె పూసేవాణ్ణి. పనిచేసి అలిసిపోయి వస్తున్నారు, గేటు దగ్గరైనా బరువనిపించకూడదని. తలుచుకుంటే నవ్వొస్తోంది."

ఆయన నవ్వలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. మొన్న ఆ మాట ఇంకెలాగైనా చెప్పి ఉండవచ్చు కదా అనిపించింది. ఎలా చెప్పినా ఇక్కడికే వచ్చి ఉండేవారనీ తెలుసు.

మామగారు జేబులోంచి ఉత్తరం గేటు చీటీ తీశారు. ఐదువేల ఎనిమిది వందల పదహారు.

"దీనికి నీ ముప్ఫై ఒక్కమందిని కలుపు. అంతే ఇవాళ. నా చెయ్యి రాయనంటోంది, నువ్వే రాయి. సంతకం నేను పెడతాను."

ఆవిడ సంచీలోంచి కలం, ఖాళీ చీటీ తీసి, చీటీని స్టూలు మీద పెట్టుకుని రాసింది. ఐదువేల ఎనిమిది వందల నలభై ఏడు. ఆయన కలం అందుకుని కింద సంతకం చేశారు. ప్రతివారం చేసినట్టే, కింద రెండు గీతలతో.

"నీ రిపోర్టులోనూ ఇదే రాయి. పాత లెక్కలు తప్పని రాయి. ఎవరి తప్పంటే నాదని రాయి."

"మీ అబ్బాయి కోచ్ ఉత్తరం సంగతి..."

"వాడితో నేను మాట్లాడతాను. వాడికేం తెలుసు పాపం, తలొంచుకుని ఆట ఆడుకునేవాడు. ఇరవై రెండేళ్ళు వాళ్ళ నాన్న అబద్ధం రాశాడని విని కుంగిపోతాడు, అదే నా దిగులు. వెళ్ళు, మైకులో చదివించు."

* * *

మైకు గదికి దారి గోలు వెనక నుంచే. వలకీ, జనాన్ని ఆపే కంచెకీ మధ్య ఒక మనిషి నడిచేంత సందు. ఆట అవతలి చివర జరుగుతోంది. జనం కాస్త సద్దుమణిగి ఉన్నారు. గోలు ముందు భర్త చేతులు మోకాళ్ళ మీద ఆనించుకుని వంగి నిలబడ్డాడు. ఆవిడ వల వెనక్కి రాగానే, తల తిప్పకుండానే అడిగాడు.

"ఎంత?"

"నేనని ఎలా తెలిసింది?"

"నీ నడక తెలియదా నాకు. ఎంతో చెప్పు."

"ఐదువేల ఎనిమిది వందల నలభై ఏడు. మామయ్య సంతకం చేశారు."

అతని వీపు కదల్లేదు. బంతి ఇటు రాబోయి మళ్ళీ అటే వెళ్ళింది.

"ఆ చీటీ చించెయ్యి," అన్నాడు. "పాత లెక్కే వేరే చీటీ మీద రాసుకుని వెళ్ళు. నాన్నకి నేను సర్దిచెబుతాను."

అత్తమామల ముందు మీరు అనీ, తలుపేసుకుంటే నువ్వు అనీ పిలవడం వాళ్ళ అలవాటు. ఇన్ని వేలమంది ముందు ఆవిడకి నువ్వు అనే వచ్చింది.

"నిన్న పెరట్లో నువ్వు ఆరువేలన్నావు. నేనా అంకె నీకు చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

అతను గ్లవ్స్ బిగించుకున్నాడు. బిగించే ఉన్నవాటినే మళ్ళీ బిగించుకున్నాడు.

"నీకు తెలుసు."

"తెలియకేం," అన్నాడతను చివరికి, మెల్లగా. "మొదటి సగంలో నా వెనక ఎవరి గొంతు వింటానో, రెండో సగంలోనూ అదే గొంతు వింటాను. నన్ను బూతులు తిట్టేవాడు కూడా అదే బూతులతో ఇటొస్తాడు. మరి పదకొండువేలమంది ఎక్కణ్ణించి వస్తారు? నేను ఆడటం మొదలుపెట్టిన ఏడాదే తెలిసింది."

"మరి మామయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"ఆదివారం పొద్దున్న పేపరు కత్తిరించుకునేటప్పుడు ఆయన ముఖం నువ్వూ చూశావుగా. నేనెలా చెప్పను?" అతను ఊపిరి పీల్చుకున్నాడు. "తరవాత్తరవాత ఆ లెక్క నాకూ పనికొచ్చేలా ఉందనిపించింది. ఇంకేం చెబుతాను? నాన్నకి మాత్రం చెప్పకు. నాకు తెలుసని తెలిస్తే..."

మాట అక్కడ ఆపేశాడు. కోడలికి తన పక్కన ఎవరో నిలబడ్డారనిపించి తల తిప్పింది.

మామగారు. సందులో కంచెకి ఒక చెయ్యి ఆనించి నిలబడ్డారు. రెండో చేతిలో ఆవిడ స్టూలు దగ్గర మరిచిపోయి వచ్చిన కలం ఉంది. అది ఇవ్వడానికే వచ్చినట్టున్నారు. ఇవ్వలేదు. వల దగ్గరికి జరిగి, వేళ్ళు దాని కన్నాల్లో దూర్చి పట్టుకున్నారు.

"పదకొండేళ్ళా?" అన్నారు. "పదకొండేళ్ళు నీ కళ్ళముందే నా చేత ఆ అంకె రాయించావురా?"

గోలు ముందు నిలబడ్డాక అతను వెనక్కి తిరగడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. తిట్టినా తిరగడు, పొగిడినా తిరగడు. ఇప్పుడు తిరిగాడు. వల అవతల నిలబడ్డ తండ్రిని చూశాడు, ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

మైదానం మధ్యలోంచి బంతి ఇటు బయల్దేరింది. కోడలు చీటీని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. వాళ్ళ వెనక కంచెకి అవతల నిలబడ్డ ఐదువేల ఎనిమిది వందల నలభై ఏడుమందీ అతన్ని ఆటవైపు తిరగమని కేకలు పెట్టారు. అతను తిరగలేదు.